మోటారు బండి రేడియేటరుకు విద్యుత్ పంకా: అమర్చు విధము, అదుపుచేయు విధము

మన సంఘ సభ్యులలో సొంత సరకుబండ్లు గలవారు నేడు పలువురు కలరు. జూరాల కాలువ నీరు వచ్చిన పిమ్మట అమరచింత, ఆత్మకూరు ప్రాంతములందు వరి సాగు హెచ్చెను. వడ్లు కల్లమునుండి కొనుగోలు కేంద్రమునకును, వేరుసెనగ మార్కెటునకును, ఎరువులు గిడ్డంగినుండి పొలమునకును చేరవలసి యున్నవి. అద్దెబండ్లకై ఎదురుచూచి విసిగినవారు పాత జీపులను, చిన్న ట్రక్కులను కొనుచున్నారు. ఇట్టి బండ్లలో ఇంజను బెల్టుతో తిరుగు పంకాను తీసివేసి, దాని స్థానమున విద్యుత్ పంకాను పెట్టుట యిపుడు కొందఱికి వాడుకయైనది. ఈ పని మంచిదా, చెడ్డదా యని మమ్ము పలువురు అడిగియున్నారు. పని మంచిదే. కాని సగము చేసి విడిచిన యెడల, అసలు చేయకుండుట కంటె హెచ్చు నష్టము కలుగును. అట్టి నష్టమును మేము కన్నులార చూచితిమి గాన ముందుగా దానినే చెప్పెదము.

గత యాసంగి వడ్ల కాలమున మేమొక కొనుగోలు కేంద్రమునకు పోయియుంటిమి. ఎండ నలువది డిగ్రీలు దాటియుండెను. బండ్ల వరుస రోడ్డుదాక సాగియుండెను. ఆ వరుసలో మన సభ్యుడొకడు ట్రాలీ తగిలించిన పాత డీజిలు జీపులో వడ్లబస్తాలతో నిలిచియుండెను. బ్యాటరీ బలహీనమై మరల స్టార్టు కాదను భయముచేత ఇంజనును ఆపక నడుపుచుండెను. కొంతసేపటికి ముందుభాగమునుండి ఆవిరి వెలువడెను. మేము దగ్గరకు పోవుసరికి అతని కొమారుడు చేతికి గుడ్డ చుట్టుకొని రేడియేటరు మూత త్రిప్పబోవుచుండగా కేకవేసి ఆపితిమి. తండ్రి మిక్కిలి కలతతో, "సారూ, స్విచ్చు ఏసే ఉన్న. పంకా ఎందుకు తిరుగుతలేదో ఎరుక లేదు" అనెను. స్విచ్చు నిజముగనే వేసియుండెను. పంకా మాత్రము నిలిచియుండెను. దానికి పోవు సన్నని తీగ అతుకువద్ద కరగి నల్లబడి విడిపోయియుండెను. హెడ్డు గాస్కెట్టు కాలి నీరు నూనెలో కలసినందున, కొలపుల్ల తీసి చూడగా నూనె మజ్జిగ వన్నె దాల్చియుండెను. ఆ సాయంకాలమే గాలివాన వచ్చి ట్రాలీలోని క్రింది వరుస బస్తాలు తడిసెను. మరమ్మతుకైన వ్యయమును, తడిసిన వడ్లకు తగ్గిన ధరయును కలిపి చూడగా ఆ యింటికి ఆ పంటపై మిగులదగినది చాలవఱకు పోయెను.

ఈ కీడునకు మూలము పంకా కాదు. దానిని అదుపుచేయు ఏర్పాటు లేకుండుటయే. ఒక పాత కారునుండి తీసిన పంకాను తీగలతో రేడియేటరుకు కట్టి, స్టీరింగు ప్రక్క నొక స్విచ్చు బిగించి, పని ముగిసినదని యొక మెకానిక్కు పంపివేసెను. ఫ్యూజు లేదు, రిలే లేదు, పంకా తిరుగుచున్నదని తెలుపు దీపము లేదు.

ఇక విషయమునకు వత్తము. ఇంజనులో కాలు నూనెయొక్క శక్తి మూడు పాళ్లనుకొన్నచో, ఇంచుమించుగా ఒక పాలు చక్రములకు చేరును, ఒక పాలు పొగగొట్టమున పోవును, తక్కిన పాలు ఇంజనును చుట్టియున్న నీటిలోనికి దిగును. ఆ నీటిని పంపు రేడియేటరులోనికి త్రోయును. అందలి సన్నని గొట్టములకు అంటియున్న రేకుల నడుమ గాలి పాఱి ఆ వేడిమిని కొనిపోవును. బండి వేగముగా పోవునపుడు ఎదురుగాలియే ఈ పని చేయును గాన పంకాతో అంత పనిలేదు. బండి నిలిచినపుడును, బరువుతో ఎత్తు ఎక్కునపుడును, దున్నిన నేలలో మెల్లగా నడచునపుడును పంకాయే దిక్కు.

బెల్టు పంకాలో నున్న లోపమిదియే. ఇంజను మెల్లగా తిరుగునపుడు అదియును మెల్లగానే తిరుగును. గాలి కావలసినపుడు తక్కువ వీచును, అక్కఱలేనపుడు సుడిగాలివలె వీచును. పంకా వేగము రెండింతలైనచో గాలి రెండింతలే యగును గాని, దానిని త్రిప్పుటకు కావలసిన బలము ఎనిమిదింతలగును. వేగము మూడింతలైనచో బలము ఇరువదియేడింతలు. రోడ్డుమీద వ్యర్థముగా పోవునది ఈ బలమే. విద్యుత్ పంకా ఇంజను వేగముతో నిమిత్తము లేక, నిలిచిన బండిలోనైనను పూర్తి వేగమున తిరుగును, అవసరము లేనపుడు ఊరకుండును. 1983 డిసెంబరులో మన దేశమున అమ్మకమునకు వచ్చిన మారుతి 800 కారులో ఇంజనును అడ్డముగా అమర్చిరి. దాని కొన రేడియేటరు వైపు చూడదు గాన బెల్టు పంకాకు చోటులేదు, విద్యుత్ పంకాయే గతి యయ్యెను. నేడు పాతసామానుల అంగళ్లలో దొరకు చిన్న పంకాలలో ననేకము లిట్టి కార్లనుండి తీసినవే. డీజిలు మిక్కిలి ఆదా యగునని చెప్పి అమ్మువారి మాటలను మాత్రము పూర్తిగా నమ్మవలదు. మెల్లని దారులలో బరువు మోయు బండికి ఆదా స్వల్పమే.

పంకా మార్చుటకు ముందు రేడియేటరును చూడుడు. మా అనుభవమున వేడెక్కు బండ్లలో సగమునకు పైగా పంకాదోషము కాదు. కల్లములలో తిరుగు బండ్ల రేకుల నడుమ పొట్టు, ఊక, దుమ్ము చేరి, నూనె చెమ్మతో కలసి పేడ అలికిన గోడవలె గట్టిపడును. అట్టి గోడలోనుండి ఎంత పెద్ద పంకాయైనను గాలిని లాగలేదు. ఇంజను వైపునుండి ముందునకు మెల్లని నీటిధారతో కడుగవలెను. కడుగుడు అంగళ్లలోని బలమైన ధారను దగ్గరగా కొట్టినచో రేకులు వంగి దారి మఱింత మూసికొనును. లోపలి సంగతియు నట్టిదే. మన ప్రాంతపు బోరు నీటిలో ఉప్పు మెండు. నీళ్లు కాచు గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట మన యాడువారందఱు ఎఱుగుదురు. ఆ పొరయే రేడియేటరు గొట్టములలోను కట్టును. కావున బోరు నీరు పోయక, శుద్ధమైన నీటితో కూలెంటు కలిపి దాని డబ్బాపై చెప్పిన పాళ్లలో పోయవలెను.

వేసవి రాగానే థర్మోస్టాటును పీకి పాఱవేయు అలవాటొకటి కలదు. ఇది తప్పు. అది మైనముతో పనిచేయు చిన్న తలుపు. సుమారు 82 డిగ్రీల వద్ద తెఱచుకొనజొచ్చును. దానిని తీసినచో ఇంజను తగిన వేడికి రాక డీజిలు సరిగా కాలదు, అరుగుదల హెచ్చును. అది చెడినచో క్రొత్తది వేయుడు.

రేడియేటరు బాగున్నదని తేలిన పిమ్మట పంకాను ఎన్నుకొనవలెను. 40 గుఱ్ఱముల బలముగల ఇంజను పూర్తి బలముతో పనిచేయునపుడు ఇంచుమించు 30 కిలోవాట్ల వేడిమి నీటిలోనికి దిగుననుకొందము. దానిని పోగొట్టుటకు, గాలి 30 డిగ్రీలు వేడెక్కి వెలుపలికి పోవునని లెక్కించినచో, సెకనుకు ఒక కిలోగ్రాము గాలి, అనగా ఇంచుమించు ఒక ఘనమీటరు గాలి పాఱవలెను. చిన్న కారు పంకా ఆ కారు ఇంజను వేడిమికి తగినట్లు చేసినది. పెద్ద ఇంజనుకు అదొక్కటి చాలదు. పెద్ద పంకాయో, ప్రక్కప్రక్కన రెండో కావలెను.

పంకాకును రేడియేటరుకును నడుమ తొడుగు తప్పక యుండవలెను. తొడుగు లేని పంకా తన చక్రమునకు ఎదురుగా నున్న గుండ్రని చోటునుండి మాత్రమే గాలి లాగును. నాలుగు మూలలు వ్యర్థమగును. ప్లాస్టిక్కు తీగలను రేకులలో గ్రుచ్చి పంకాను కట్టుటయు పనికిరాదు. బండి కుదుపునకు అవి గొట్టమును ఒరసి చిల్లు చేయును. ఇనుప పట్టీలతో రేడియేటరు చట్రమునకే బిగింపవలెను.

గాలి ఏ దిక్కునకు పోవుచున్నదో చూడవలెను. ఇంజను వైపున పెట్టిన పంకా గాలిని లాగవలెను, ముందువైపున పెట్టినది త్రోయవలెను. రెండు తీగలను తారుమారు చేసినచో సామాన్యపు మోటారు ఎదురు తిరుగును గాని, రెక్కల వంపు ఒక దిక్కునకే తీర్చినది గాన గాలి బాగుగా తగ్గును. పరీక్ష సులభము. పంకా తిరుగుచుండగా ఒక కాగితమును రేడియేటరు ముందు పట్టుడు. కాగితము రేకులకు అంటుకొని నిలిచినచో దిక్కు సరియైనది.

ఇక విద్యుత్తు సంగతి. ఒక మాదిరి పంకా 12 వోల్టుల బ్యాటరీనుండి సుమారు 15 ఆంపియర్లు తీసికొనుననుకొందము. తిరుగుట ప్రారంభించు క్షణమున అంతకు రెండు మూడు రెట్లు లాగును. రెక్కకు గడ్డిపోచలు చుట్టుకొని పంకా నిలిచిపోయెనా, ఆ పెద్ద ప్రవాహము ఆగక పాఱుచునే యుండును. తీగ సన్ననిదై, ఫ్యూజు లేనిదైనచో పై తొడుగు కరగి నిప్పు పుట్టును. వెనుక ఎండుగడ్డి మోపులున్న బండిలో దీని ఫలమేమో మేము వ్రాయనక్కఱలేదు.

తీగను పంటకాలువతో పోల్చవచ్చును. ఇరుకు కాలువలో కొసపొలమునకు నీరు చాలదు. 1 చదరపు మిల్లీమీటరు రాగితీగలో 15 ఆంపియర్లు 3 మీటర్లు పాఱునప్పటికి సుమారు 0.8 వోల్టు దారిలోనే పోవును. 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోవునది 0.2 వోల్టు మాత్రమే. మరలివచ్చు దారియు అట్లే బలముగా నుండవలెను. త్రుప్పుపట్టిన బాడీరేకునకు మర బిగించి ఊరకుండక, బ్యాటరీ ఋణధ్రువమువఱకు తీగ వేయుట మేలు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరములోనే యుండవలెను. బ్యాటరీకిని ఫ్యూజుకును నడుమనున్న తీగకు రక్షణ లేదుగదా. 15 ఆంపియర్ల పంకాకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో 30 ఆంపియర్ల ఫ్యూజు తగియుండును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దానికి బదులు తీగముక్క చుట్టినవాడు తన బండికి తానే నిప్పు పెట్టుకొనుచున్నాడు.

పంకా ప్రవాహమును స్టీరింగు ప్రక్కనున్న చిన్న స్విచ్చుగుండ త్రిప్పరాదు. ఇందుకే రిలే యేర్పడినది. జూరాల ఆనకట్టపై గేటు నెత్తువాడు తన భుజబలముతో ఎత్తడు. మీట నొక్కును, మోటారు ఎత్తును. రిలేయును అట్టిదే. దానిలోని చుట్టకు ఆంపియరులో అయిదవ వంతు ప్రవాహము చాలును. ఆ చుట్ట అయస్కాంతమై లోపలి నాలుకను లాగి పెద్ద ప్రవాహమునకు దారి విడుచును. సామాన్యపు రిలే క్రింద నాలుగు అంకెలుండును. 30 అను కాలికి ఫ్యూజుద్వారా బ్యాటరీ, 87 అను కాలికి పంకా, 86 కు తాళపు స్విచ్చునుండి వచ్చు తీగ, 85 కు ఉష్ణ స్విచ్చు. ఉష్ణ స్విచ్చు రెండవ కొన ఇంజను ఇనుమునకు చేరును. 87 నుండియే సన్నని తీగనొకటి తీసి, దానికిని చిన్న ఫ్యూజు వేసి, డ్రైవరు ఎదుట దీపము పెట్టుడు. రిలే తెఱచుకొని పంకాకు విద్యుత్తు పోవుచున్నదని ఆ దీపము తెలుపును. పంకా పోయి దీపము వెలుగుటయు కలదు గాన ఉష్ణమాపకమును చూచుట మానరాదు.

ఉష్ణ స్విచ్చు ఈ ఏర్పాటునకు ప్రాణము. నీరు నియమితమైన వేడికి రాగానే అది కలియును, చల్లాఱగానే విడిపోవును. కలియు వేడికిని విడిపోవు వేడికిని నడుమ కొంత ఎడముండవలెను. 92 వద్ద కలసి 87 వద్ద విడిపోవునది సాధారణముగా తగును. ఎడము లేనిచో, చెఱువు తూమును క్షణక్షణము ఎత్తుచు దించుచు నుండు తెలివిలేని నీరటివలె, పంకా నిమిషమునకు పదిమార్లు ఆడి రిలే నాలుక కాలిపోవును. వేఱొక సంగతి: థర్మోస్టాటు 82 వద్ద తెఱచుకొనుచుండగా పంకాను 80 కి పెట్టినవారిని చూచితిమి. నీరు ఎన్నడు 80 కి దిగదు గాన ఆ పంకాయు ఎన్నడు ఆగదు. స్విచ్చును ఇంజనునుండి వేడినీరు వెలువడు చోట బిగించినచో పైని చెప్పిన అంకెలు సరిపోవును. రేడియేటరు దాటి చల్లబడిన వైపున బిగించినచో అంతకంటె తక్కువ అంకె గల స్విచ్చు కావలెను. బిగింపకముందే పరీక్షింపుడు. గిన్నెలో నీరు పోసి స్విచ్చు కొనను మునుగునట్లు వ్రేలాడదీసి, వేడి కొలుచు గాజుగొట్టమును ప్రక్కన నుంచి, స్విచ్చుతో వరుసగా కలిపిన చిన్న దీపము ఎన్ని డిగ్రీల వద్ద వెలుగునో, ఎన్నింటి వద్ద ఆఱునో చూచుడు. పావుగంట పని.

చేతి స్విచ్చు వలదని మా యభిప్రాయము కాదు. ఉష్ణ స్విచ్చు చెడినపుడు పంకాను తిప్పుటకు దానిని ఉష్ణ స్విచ్చునకు జంటగా కలుపవచ్చును. అదొక్కటే దిక్కై యుండరాదు. మనిషి మఱచును. మఱవకున్నను, టోకెను తెచ్చుటకు దిగిపోవును.

రెండు పంకాలు గలవారు వేగమును కూడ రెండు తరగతులుగా చేయవచ్చును. రెండింటిని వరుసగా కలిపినచో ఒక్కొక్కదానికి సగము వోల్టులే అంది మెల్లగా తిరుగును. నీరు ఇంకను వేడెక్కినచో రెండవ ఉష్ణ స్విచ్చు వాటిని విడివిడిగా కలిపి పూర్తి వేగమున త్రిప్పును. సగము వేగమున సగము గాలికి ఎనిమిదవ వంతు బలమే చాలునని పైని చెప్పిన లెక్కనుబట్టి తెలియుచున్నది గదా. ఇప్పుడు ఎలక్ట్రానికు పరికరములును దొరకుచున్నవి. అవి ప్రవాహమును సెకనుకు అనేక పర్యాయములు తెంచుచు కలుపుచు, వేడినిబట్టి వేగమును కొంచెము కొంచెముగా పెంచును. ప్రారంభమందలి పెద్ద లాగుడు లేకపోవుట వీని సుగుణము. కాని నీరు, దుమ్ము తగిలిన చెడును. పల్లెలో బాగుచేయువారు లేరు. రిలే యైనచో ఏ ఆటో సామానుల అంగడిలోనైనను దొరకును, అరనిమిషమున మార్చవచ్చును. మేము రిలేనే కోరుదుము.

విద్యుత్తు ఎక్కడనుండి వచ్చునో అదియు లెక్క చూడవలెను. 35 ఆంపియర్ల ఆల్టర్నేటరు గల పాత బండి యనుకొందము. 60 వాట్ల పెద్దదీపములు రెంటికి 10, చిన్న దీపములకు 3, అద్దము తుడుచు పుల్లలకు 4, ఇతరములకు 3, పంకాకు 15. మొత్తము 35. ఇంజను మెల్లగా నడచునపుడు ఆల్టర్నేటరు ఆ 35 కూడ ఈయలేదు. లోటు బ్యాటరీనుండి పోవును. మన సభ్యుని బ్యాటరీ బలహీనపడుటకు ఇదియు నొక కారణమని మా యూహ. అట్టి బండికి ముందు పెద్ద ఆల్టర్నేటరును వేసి పిమ్మట పంకా మాట తలపెట్టవలెను.

ట్రాక్టరు సంగతి వేఱు. నిలిచిన చోటనే నూర్పిడి యంత్రమును త్రిప్పునపుడు అది గంటలకొలది పూర్తి బలముతో పనిచేయును. ఎదురుగాలి యుండదు, పొట్టు మాత్రము మెండుగా ఎగురును. ఇంజను అప్పుడు వేగముగానే తిరుగుచుండును గాన బెల్టు పంకాయు బలముగా వీచును. కావున ట్రాక్టరుకు బెల్టు పంకాను తీయవలదు. బెల్టు బిగువు చూచి, పూటకొకమారు జాలిని దులిపిన చాలును. 2020 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన బి.ఎస్. 6 బండ్లలోను చేయి పెట్టవలదు. వాని పంకాను ఇంజనులోని కంప్యూటరే నడుపును. అందలి తీగలు కోసినచో ఒక దోషము పోయి పది దోషములు వచ్చును.

బండి వేడెక్కినపుడు చేయవలసినది కూడ చెప్పవలెను. బరువు తగ్గించి ప్రక్కకు తీసి ఇంజను ఆపుడు. మూత ముట్టవలదు. మూత బిగువులో నీరు సుమారు 118 డిగ్రీలవఱకు మరుగక యుండగలదు. మూత వదలిన క్షణమున బిగువు పోయి ఆ నీటిలో కొంత ఒక్కమాఱు ఆవిరియై మరుగునీటితో కూడ ముఖముమీదికి లేచును. అరగంటకు పైగా చల్లాఱనిచ్చి, గొట్టము చేతికి తాళునంతటి వేడికి వచ్చిన పిమ్మట తీయుడు. కాగిన ఇంజనులో చన్నీళ్లు కుమ్మరించినచో హెడ్డు పగులును.

మన సభ్యుడు వానలు పడకముందే జీపును మరల సిద్ధపఱచుకొనెను. ఈసారి తొడుగు, రిలే, ఫ్యూజు, ఉష్ణ స్విచ్చు, దీపము అన్నియు మా యెదుటనే బిగింపించెను. మొన్న మేము వారి యూరికి పోగా, కొమారుడు బానెట్టు ఎత్తి ఇంజను ఆపి, తాళపుచెవిని మాత్రము అట్లే త్రిప్పియుంచి, రేకులలోని పొట్టును వ్రేళ్లతో తీయుచుండెను. మేము కేక వేయుటయు, పంకా తనంతట తాను గిఱ్ఱున తిరుగుటయు ఒక్కసారియే జరిగెను. వ్రేలి గోరు మాత్రమే చీలినది. ఆనాటినుండి ఆ తండ్రి బానెట్టు ఎత్తుటకు ముందు తాళపుచెవిని తీసి మొలత్రాటికి కట్టుకొనుచున్నాడు.